తీసుకోని సెలవులు

"నువ్వు చివరిసారి సెలవెప్పుడు పెట్టావే?" అని సెనాదా అడిగింది.

దుప్పటి రెండు కొసలు ఎతెరి చేతుల్లో, రెండు కొసలు సెనాదా చేతుల్లో ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఒక్కసారి విదిలించి, అంచు లాగి సరిచేసి, ఒకే క్షణంలో ఇస్త్రీ యంత్రం పట్టీ మీద పెట్టాలి. అప్పుడే అది వేడి రోలర్ల కిందికి తిన్నగా పోతుంది. ఒకళ్ళు ముందూ ఒకళ్ళు వెనకా అయితే గుడ్డ ఒక మూలకి పోగై, అవతల మడతలు పెట్టే యంత్రం దగ్గర పెద్ద రభస. స్వీడన్‌లోని బొరోస్ చుట్టుపక్కల ఆసుపత్రుల దుప్పట్లన్నీ వాళ్ళు పనిచేసే లాండ్రీకే వస్తాయి. నాలుగేళ్ళుగా ఇస్త్రీ యంత్రానికి కుడివైపు ఎతెరి, ఎడమవైపు సెనాదా. ఒకరివైపు ఒకరు చూడకుండానే పని జరిగిపోయేది.

"ఎప్పుడూ పెట్టలేదక్కా," అంది ఎతెరి. అనడంలో కాస్త గర్వం కూడా ఉంది. "నాలుగేళ్ళలో ఒక్క రోజు కూడా."

"జూలైలో అందరం పోతాం కదా. అప్పుడు?"

"అప్పుడూ ఉన్నా. ఆసుపత్రులకి జూలై ఉండదుగా. హోకన్ గారు ఉండమన్నారు, ఉన్నా. సెలవు జీతం డబ్బుగా ఇచ్చేశారు."

"ప్రతి ఏడూనా?"

"ప్రతి ఏడూ."

సెనాదా చేతిలోని కొసలు వెనకబడ్డాయి. దుప్పటి వంకరగా పోయి రోలరు నోట్లో ఉండకట్టింది. సెనాదా ఎర్ర మీట నొక్కి యంత్రం ఆపింది. యుద్ధం నాడు బోస్నియా నుంచి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఆమె చేతిలో దుప్పటి చెడిపోవడం ఎతెరి ఎన్నడూ చూడలేదు. ఇద్దరూ చెరోవైపు నుంచి గుడ్డని బయటికి లాగుతుండగా సెనాదా గొంతు తగ్గించింది.

"శాశ్వత నివాసానికి కాగితాలెప్పుడు పెడుతున్నావు?"

ఎతెరి గుడ్డ లాగడం ఆపేసింది.

ఎతెరిదీ, ఈ కథ చెప్తున్న నాదీ ఒకే దేశం, జార్జియా. అమెరికాలోది కాదు, నల్లసముద్రం ఒడ్డునది. ఈ ముక్క స్వీడన్ వాళ్ళకి చెప్పీ చెప్పీ మా నోళ్ళు నొప్పి పుట్టాయి. మావాళ్ళకి ఒక అలవాటుంది. నీ జీతమెంత అని అడిగితే చెప్తాం. నీకు పిల్లలెందుకు లేరని అడిగినా చెప్తాం. నీ కాగితాల సంగతేమిటని అడిగితే మాత్రం, ఈ మనిషి ఎవరి తరఫున కూపీ లాగుతోందా అని ఆలోచిస్తాం. ఆ అలవాటు ఊరికే పుట్టలేదు, అదంతా ఇప్పుడెందుకు.

"ఇంకా ఏమీ అనుకోలేదు," అని ఎతెరి అబద్ధమాడింది.

అనుకోకపోవడమేమిటి, ఏడాదిగా మొగుడూ పెళ్ళాలకి వేరే ధ్యాసే లేదు. పని అనుమతి మీద నాలుగేళ్ళు పనిచేసినవాళ్ళు శాశ్వత నివాసానికి పెట్టుకోవచ్చు. ఆమె అనుమతి జూలైలో తీరిపోతుంది. ఆలోగా పెట్టాలి. వస్తే ఇక్కడే బతుకు. రాకపోతే ఆమె, ఆమె మీద ఆధారపడి వచ్చిన మల్ఖాజ్, ఇద్దరూ పెట్టె సర్దుకోవాలి. వెనక్కి వెళ్ళడానికి తమ ఊరు కుతైసిలో వాళ్ళకి ఇల్లు కూడా లేదు, ఇక్కడికి రావడానికి దాన్నే అమ్మారు.

"అనుకోలేదా?" సెనాదా ఆమె మొహంలోకి చూసింది. "సరే. పెట్టేముందు నాకు చెప్పు. తప్పకుండా చెప్పు."

భోజనం వేళకి ఎతెరి డబ్బా తెరిచి రెండు ముద్దలు తిందో లేదో, యజమాని హోకన్ కూచునే అద్దాల గది వైపు కళ్ళు పోయాయి. సెనాదా అతని ముందు నిలబడి చెయ్యి ఊపుతూ మాట్లాడుతోంది. ఆమె లాండ్రీలో కార్మిక సంఘం ప్రతినిధి, ఆ గదిలోకి వెళ్ళడం వింతేమీ కాదు. కానీ మాటల మధ్యలో హోకన్ తలెత్తి, అద్దంలోంచి నేరుగా ఎతెరి వైపు చూశాడు. ఆమె చూస్తోందని గమనించి చటుక్కున తల దించుకున్నాడు. ఎతెరి డబ్బా మూత పెట్టేసింది.

*

"నీ ఉద్యోగానికి ఎసరు పెట్టింది," అన్నాడు మల్ఖాజ్.

పెనంలో బంగాళాదుంపలు వేపుతున్నాడు. అతను టైర్ల దుకాణంలో పనిచేస్తాడు. ఎంత రుద్దినా గోళ్ళ అంచుల నలుపు పోదు, అందుకని వంటింట్లో చెంచాతోనే అన్నీ పట్టుకుంటాడు. చెంచా కొసతో అజికా కారం తీసి దుంపల మీద చిమ్మాడు.

"ఊరికే అనకు," అంది ఎతెరి. "నాలుగేళ్ళుగా పక్కన నిలబడ్డ మనిషి."

"పక్కన నిలబడ్డ మనిషికే కదా నీ లొసుగులు తెలిసేది. ఆవిడకో మేనకోడలుందన్నావు?"

"ఆమ్రా. చదువైపోయి ఇంట్లో ఉంది."

"ఉందా. పని కోసం చూస్తోందా?"

పోయిన నెలే సెనాదా దుస్తులు మార్చుకునే గదిలో ఆ మాట అంది. ఈ పిల్లకి ఎక్కడైనా వేసవి పని దొరికితే బావుండును అని. అప్పుడు ఎతెరి కూడా ఊఁ కొట్టింది. ఇప్పుడు ఆ ఊఁ గుర్తొచ్చి ఒళ్ళు మండింది.

"సెలవు గురించి ఎందుకడిగిందంటావు?" అని అడిగింది.

"అలవాటు చేద్దామని. ముందు నువ్వు లేకుండా పని నడుస్తుందని యజమానికి చూపించాలి. నీ చోట్లో ఆ పిల్లని నిలబెడతారు. తర్వాత నువ్వెందుకు?" మల్ఖాజ్ పెనం దించాడు. "ఏమే, నువ్వేం చెప్పలేదుగా?"

"ఏం చెప్పలేదు."

"చెప్పకు. మంచినీళ్ళు తాగావా అనడిగినా కనుక్కుని చెప్తానని చెప్పు."

ఎతెరి నవ్వింది గానీ ఆ నవ్వు ఆమెకే నచ్చలేదు. మల్ఖాజ్ ప్రతిదానికీ ఇలాగే అంటాడు. కిందింటి ముసలాయన పలకరించినా ఏదో ఉందంటాడు. అయినా ఈసారి అతను చెప్పింది అచ్చు గుద్దినట్టు సరిపోతున్నట్టే తోచింది.

*

మర్నాడు ఉదయమే హోకన్ పిలిచాడు. కాఫీ పోసి ఇచ్చాడు. అతను స్వయంగా కాఫీ పోసిస్తే మంచివార్త ఉండదని లాండ్రీలో అందరికీ తెలుసు.

"సోమవారం నుంచి నీకు సెలవు," అన్నాడు. "జూన్ నెలంతా. జీతంతోనే. విశ్రాంతి తీసుకో."

ఎతెరి కప్పు బల్ల మీద పెట్టేసింది. "నా పనిలో ఏం తప్పుంది హోకన్ గారూ?"

"తప్పా? నీ పనిలోనా?" అతను మెడ రుద్దుకున్నాడు. "నాకైతే నువ్వుండాలనే ఉంది. జూన్‌లో ఎంత పనుంటుందో నీకు తెలుసు. సెనాదా పట్టుబట్టింది. ఇది సంఘం మాట అంటోంది. నీ సెలవులు చాలా మిగిలిపోయాయట, ఇప్పుడే ఇవ్వాలట, లేకపోతే ఊరుకోదట. ఆవిడ సంగతి తెలుసుగా."

"నేను అడగలేదే."

"అదే నేనూ అన్నాను. ఎతెరి అడగలేదు కదా అన్నాను."

పోయిన నాలుగు వేసవుల్లోనూ హోకన్ ఆమె భుజం తట్టి, నువ్వే లేకపోతే రోగులంతా వట్టి పరుపుల మీద పడుకోవాల్సొచ్చేది అన్నాడు. అందరూ కుటుంబాలతో చెరువుల గట్లకీ సముద్రం ఒడ్డుకీ పోతే, సగం దీపాలు ఆర్పేసిన ఆ షెడ్డులో ఆవిరి మధ్య ఆమె ఒక్కతే పాత చిన్న రోలరు మీద పనిచేసింది. ఆ మాట ఆమెకి బహుమతిలా ఉండేది. కాగితాలు పెట్టిన రోజున, ఈ మనిషి ఒక్క రోజు కూడా పని మానలేదని అతనితో చెప్పించుకోవాలని అనుకుంది కూడా. ఇప్పుడు, సరిగ్గా కాగితాలు పెట్టే నెలలో, ఇంట్లో కూచోమంటున్నారు. వలసల కార్యాలయం వాళ్ళు ఫోన్ చేసి ఎతెరి పనిలో ఉందా అని అడిగితే, రావడం లేదు అన్న జవాబు పోతుంది.

సాయంత్రం దుస్తుల గదిలో ఆమె సెనాదాని నిలదీసింది.

"నీకు నేనేం ద్రోహం చేశానక్కా?"

సెనాదా ఒక కాలి బూటు విప్పి రెండోది విప్పబోతోంది. అలాగే ఆగింది. "కూచో," అంది. ఎతెరి కూచోలేదు.

"సరే, నిలబడే విను. నువ్వు సెలవులు తీసుకోకుండా కాగితాలు పెట్టావనుకో, వలసల కార్యాలయం వాళ్ళు నిన్ను దేశం నుంచి పంపించేస్తారు."

"ఎవరిని?"

"నిన్ను. పనివాడికి ఏటా ఇవ్వాల్సిన సెలవులు ఇవ్వలేదంటే ఆ ఉద్యోగం సక్రమంగా లేదని లెక్క. సక్రమంగా లేని ఉద్యోగం మీద నివాసం ఇవ్వరు. యజమాని చేసిన తప్పుకి నీకు శిక్ష. వాళ్ళు అడక్కముందే యజమాని తనంతట తాను సరిచేస్తే వదిలేస్తారు. అడిగాక చేస్తే లాభం లేదు. అందుకే ఇప్పుడే తీసుకోమంటున్నా."

ఎతెరికి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు.

"అంటే నేను మరీ ఎక్కువ పనిచేశానని నన్ను వెళ్ళగొడతారా?"

"అంతే."

"చెవిలో పువ్వు పెట్టడానికి నేనే దొరికానా అక్కా? సోమరిపోతుల్ని పంపించేస్తారంటే నమ్ముతా. దొంగల్ని పంపించేస్తారంటే నమ్ముతా."

"నమ్మకపోతే మానెయ్. సెలవు మాత్రం తీసుకో." సెనాదా రెండో బూటు విప్పింది. మంచిగా చెప్పడం ఆమెకి మొదట్నుంచీ చేతకాదు. "మరో మాట. నీ తిక్కకి నా దగ్గర మందు లేదు."

"ఆమ్రా బావుందా?" అంది ఎతెరి.

"ఆమ్రాకేం? బానే ఉంది. ఎందుకు?"

"ఊరికే."

బస్సు దిగి ఇంటికి నడుస్తున్నంతసేపూ సెనాదా మొహమే ఎతెరి కళ్ళముందు మెదిలింది. ఎందుకు అని అడగడంలో ఎంత అమాయకత్వం నటించింది. ఎక్కువ పని చేస్తే దేశం నుంచి తోసేస్తారట. కట్టుకథ చెప్పేటప్పుడైనా కాస్త నమ్మేలా కట్టాలన్న ఇంగితం లేదు.

*

శుక్రవారం చిరిగిన దుప్పట్లు ఎక్కువగా వచ్చాయి. పట్టీ మీద పెట్టేముందు కంటికి కనబడ్డ చిరుగుల్ని పక్కనున్న ఎర్ర బుట్టలో పడేస్తారు. వారానికోసారి బండి వచ్చి ఆ బుట్టలు తీసుకుపోతుంది. ఏ గుడ్డా, చిరిగిందైనా సరే, గేటు దాటకూడదని నియమం. రోజు చివర సెనాదా ఆ బుట్టలోంచి నాలుగైదు తీసి, చుట్టి, తన సంచి అడుగున పెట్టుకోవడం ఎతెరి ఎన్నోసార్లు చూసింది. దాని గురించి ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆ రోజు ఇద్దరి మధ్యా మాటల్లేవు. చేతులు మాత్రం ఎప్పట్లాగే కలిసి లేచి కలిసి దిగాయి. మూడు గంటల విరామంలో ఎతెరి ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని అద్దాల గదిలోకి వెళ్ళింది.

"సెలవు నాకొద్దు హోకన్ గారూ," అంది. "సెనాదా నా మంచి కోసం చెప్పట్లేదు. తన మేనకోడలికి నా చోటు కావాలి."

"అలాంటిదేం లేదనుకుంటా," అన్నాడు హోకన్, కిటికీ వైపు చూస్తూ.

"ఆవిడ మాట మీద మీకంత నమ్మకమా?" ఎతెరికి ఇక్కడితో ఆపెయ్యాలని ఒక్క క్షణం అనిపించింది. "మరి ఎర్ర బుట్టలోవి ఎక్కడికి పోతున్నాయో ఎప్పుడైనా చూశారా?"

హోకన్ తల తిప్పాడు. కుర్చీలో కొంచెం ముందుకి జరిగాడు. అతని మొహంలో కోపమేమీ లేదు. బరువు దిగినవాడి మొహంలా ఉంది, అది ఎతెరికి కాస్త విచిత్రంగా తోచింది.

"నువ్వు స్వయంగా చూశావా?"

"రోజూ చూస్తున్నా."

"సరే," అన్నాడతను. కాసేపు పెన్సిలు బల్ల మీద దొర్లించాడు. "సెలవు సంగతి ఇలా చేద్దాం. కాగితం మీద సెలవని రాస్తాను. సంఘానికి చూపించడానికి ఉంటుంది. నువ్వు సోమవారం మామూలుగా వచ్చెయ్. సెనాదా గొడవ నేను చూసుకుంటాను."

"చాలా థాంక్సండీ," అంది ఎతెరి. నిజంగానే అంది.

ఆ సాయంత్రం గేటు దగ్గర హోకన్ నిలబడి, సెనాదా సంచి తెరిచి చూపించమన్నాడు. ఎతెరి అప్పటికే బస్సు ఆగే చోటికి వచ్చేసింది. దూరం నుంచి చూసింది. సెనాదా వాదించలేదు. సంచి తెరిచింది. ఒక్కొక్క గుడ్డే తీసి, అలవాటు కొద్దీ అంచులు సరిచేసి మడిచి, అతని చేతుల్లో పెట్టింది. అప్పుడే బస్సొచ్చింది.

*

మే ఇరవయ్యారు మా దేశపు స్వాతంత్ర్య పండగ. ఆ ఏడు అది మర్నాడే, శనివారం పడింది. చెరువు గట్టున బొగ్గులు రాజేసి, చువ్వలకి మాంసం గుచ్చి, బొరోస్‌లోనూ చుట్టుపక్కలా ఉన్న మావాళ్ళంతా చేరారు. గట్టిగా లెక్కపెడితే పాతిక మందిమి ఉండం, గోల మాత్రం ఊరంత చేస్తాం. అరిటాకంత రొట్టెలు, ఆకుకూర ముద్దలు, ప్లాస్టిక్ డబ్బాల్లో సొంత వైను.

మా విందుకి ఒక పెద్ద ఉంటాడు. గ్లాసెత్తినప్పుడల్లా ఎవరి పేరు మీద తాగాలో అతనే చెప్పాలి, అతను చెప్పకుండా ఎవరూ తాగరు. మా ఊరి విందులకి ఎప్పుడూ జుంబెరే పెద్ద. పలకరాళ్ళు పరిచే మేస్త్రీ, గొంతు పెద్దది, మనిషి ఇంకా పెద్ద. ఆ రోజు మాత్రం గ్లాసు పట్టుకుని చాలాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఈసారి మనల్ని పంపించేవాళ్ళ పేరు మీద తాగుదాం," అన్నాడు చివరికి. "నన్ను పంపించేస్తున్నారు."

ఎవరో నవ్వారు. ఇంకెవరో, ఏం దొంగతనం చేశావు జుంబెర్ అని అరిచారు.

"పని చేశా," అన్నాడు జుంబెర్. "ఐదు వేసవులు పని చేశా. సెలవు పెట్టలేదు. అందుకు."

ఈసారి అందరూ నవ్వారు. మల్ఖాజ్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఎతెరి నవ్వలేదు. చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది. జుంబెర్ కూడా నవ్వట్లేదని ఆమె ఒక్కతే చూసింది.

"ఛలోక్తి కాదర్రా," అన్నాడు జుంబెర్. "సెలవివ్వకుండా పని చేయించుకుంటే యజమాని నన్ను పిండేస్తున్నట్టట. అలా పిండేసే చోట నేనుండకూడదట. కాబట్టి నన్ను కాపాడ్డానికి, నన్ను దేశం దాటిస్తున్నారు. నా యజమానిని మాత్రం ఇక్కడే ఉండనిచ్చారు, పాపం."

నవ్వులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. బొగ్గుల మీద కొవ్వు చుక్కలు చిటపటమంటున్నాయి.

ఎతెరి లేచి అతని దగ్గరికి వెళ్ళింది. "అన్నా, ముందే సెలవులు తీసుకుని ఉంటే?"

"అదే కదా అన్నారు. మేం అడక్కముందే మీ యజమాని సరిచేసి ఉంటే వేరే సంగతి అన్నారు. ఆ మాట నాకు ముందెవడు చెప్తాడమ్మా? చెప్పినా నేను నమ్ముతానా?" జుంబెర్ గ్లాసు ఆమె వైపు ఎత్తాడు. "నువ్వైనా నమ్మేదానివా?"

ఎతెరి చెరువు వైపు తిరిగి నిలబడింది. నమ్మనివాళ్ళ సంగతి వేరు, తను నమ్మకపోగా చేసొచ్చిన పని ఒకటి ఉంది కదా. సెనాదా గుడ్డలు మడిచిన తీరు మళ్ళీ కళ్ళముందుకొచ్చింది.

ఇంటికొచ్చాక మల్ఖాజ్‌కి అంతా చెప్పింది. అతను గోళ్ళు చూసుకున్నాడు.

"అయినా ఆవిడకి ఏదో లాభం ఉండే ఉంటుంది," అన్నాడు, కానీ మాటలో పట్టు లేదు.

*

సోమవారం లాండ్రీలో సెనాదా లేదు. యంత్రానికి ఎడమవైపు, చొక్కా చేతులు మడుచుకుని, హోకనే నిలబడి ఉన్నాడు.

"రా రా, బతికించావు," అన్నాడు. "విచారణ అయ్యేదాకా ఆవిడ్ని ఇంటి దగ్గరుండమన్నాం. ఏజెన్సీ వాళ్ళు మనిషిని రేపు గానీ పంపరట. ఇవాళ్టికి నువ్వూ నేనే."

"హోకన్ గారూ, నాకు సెలవు కావాలి. నిజం సెలవు."

"శుక్రవారం అనుకున్నాంగా. కాగితం మీద రాశాను కూడా."

"కాగితం మీద సెలవని రాసి పని చేస్తే, అది ఇంకా పెద్ద తప్పు కదా?"

"ఎవరడుగుతారు?" అన్నాడు హోకన్. దుర్మార్గంగా ఏం అనలేదు. అతని నుదుటి మీద చెమట, వెనక తడి దుప్పట్ల బండ్లు వరసగా ఆగి ఉన్నాయి, గదిలో ఫోను మోగుతోంది. "ఇక్కడ అడిగే మనిషి ఆవిడొక్కతే. ఆవిడ లేదుగా. పట్టుకో, ఆసుపత్రి వాళ్ళు పొద్దున్నుంచి చంపుతున్నారు."

నాలుగేళ్ళ అలవాటు. ఎతెరి చేతులు వాటంతటవే కొసలు అందుకున్నాయి. విదిలించింది. అవతల హోకన్ ఆలస్యంగా విదిలించాడు. దుప్పటి అడ్డంగా పోయింది. రెండోది ఇంకా అన్యాయంగా పోయింది. అతను మూలలు వెతుక్కుంటూ, క్షమించు క్షమించు అంటూ గొణుగుతున్నాడు. మూడోది చేతిలోకి తీసుకున్నాక, దాని మీద చిన్న చిరుగు కనబడింది ఆమెకి. ఎర్ర బుట్ట వైపు చెయ్యి పోలేదు. దుప్పటిని బండి మీదే వదిలేసి, ఏప్రాన్ ముడి విప్పి, వెనక్కి చూడకుండా బయటికి నడిచింది. హోకన్ రెండుసార్లు పేరు పెట్టి పిలిచాడు.

సెనాదా ఇల్లు ఎతెరికి తెలుసు గానీ ఎప్పుడూ వెళ్ళలేదు. మూడో అంతస్తు. గంట కొట్టి, దిగిపోదామా అనుకుంటుండగానే తలుపు తెరుచుకుంది.

సెనాదా లోపలికి రమ్మనలేదు. ఆమె వెనక గది నిండా ఒక కర్ర మగ్గం ఉంది. దాని పక్కన బుట్టలో తెల్లటి గుడ్డ పీలికలు, రంగు వేసినవి కొన్ని. మగ్గం మీద సగం నేసిన చాప లాంటి తివాచీ. ఇక్కడి ముసలమ్మలు పాత గుడ్డలతో నేసేలాంటిది.

"చెప్పు," అంది సెనాదా.

"హోకన్ గారికి చెప్పింది నేనే అక్కా."

"తెలుసు. ఆ యంత్రం దగ్గర ఉండేది మనిద్దరమే."

"నేను వెళ్ళి, అబద్ధం చెప్పానని చెప్తాను."

"అబద్ధం కాదుగా. తీశాను. గుడ్డ గేటు దాటకూడదని కొత్తవాళ్ళకి చెప్పేది కూడా నేనే." సెనాదా గుమ్మానికి ఆనుకుంది. కళ్ళకింద వాచి ఉంది. "పని ఉంచుతారో లేదో తెలీదు. సంఘం ప్రతినిధిగా మాత్రం ఉంచరు. ఎవరుంచుకుంటారు? హోకన్ ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉన్నాడు, పాపం, నువ్వు సాయం చేశావు."

ఎతెరి కళ్ళు బుట్టలోని తెల్లటి పీలికల మీదికి పోయాయి. ఆ చిరిగిన దుప్పట్లే అవి.

"ఇవాళ పనికెళ్ళావా?"

"వెళ్ళి... వచ్చేశాను."

"కొసలు పట్టుకున్నావా?"

"రెండు మూడు."

"బుద్ధి లేదు నీకు," అంది సెనాదా. "విను. పొద్దున్న సంఘం జిల్లా ఆఫీసులో ఉన్నావిడకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం ఆవిడే లాండ్రీకి వెళ్తుంది. నీ సెలవు సంగతి చూడ్డానికి. కాగితం మీద కాదు, నిజంగా. హోకన్ కాదనలేడు. జూన్ నెలంతా ఆ గేటు దరిదాపులకి పోకు. జూన్ ఆఖరున కాగితాలు పెట్టు. నీ సెలవులు ఎలా సరిచేశారో ఆవిడ రాసిస్తుంది."

"పొద్దున్నా?" అంది ఎతెరి. "అంటే, నేను చెప్పానని తెలిశాక?"

"ఆఁ."

"ఎందుకు?"

సెనాదా ఈ ప్రశ్నకి విసుక్కుంది. "ఎందుకేమిటి? సంఘానికి చందా కడుతున్నావా లేదా? ఆ పని నా చేతిలోంచి ఇంకా తియ్యలేదు. తీసేదాకా నాదే."

"ఆమ్రాకి..."

"ఆమ్రాకి గోతెన్‌బర్గ్‌లో నర్సు చదువులో సీటొచ్చింది. మళ్ళీ ఆమ్రా ఎందుకు మధ్యలో?"

ఎతెరి మెట్ల కమ్మీ పట్టుకుంది. కాళ్ళమీద పడదామనిపించింది, పడితే ఈ మనిషి తలుపేసేస్తుందని కూడా తెలుసు. "నీకేం కావాలో చెప్పక్కా," అంది. "ఏదైనా. నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను."

సెనాదా ఆమెని కిందనుంచి మీదదాకా చూసింది. ఆ చూపులో కోపం వెతికింది ఎతెరి. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"నువ్వు వెళ్ళడం కావాలి," అంది సెనాదా. "నాకు పనుంది."

తలుపు గట్టిగా వెయ్యలేదు. మామూలుగానే వేసింది. కాసేపటికి లోపల మగ్గం చప్పుడు మొదలైంది.

ఎతెరి ఇంటికి నడిచే వెళ్ళింది. పనివేళలో ఊరు ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. చంటిపిల్లల బళ్ళు తోసుకుంటూ తండ్రులు, బెంచీల మీద ముసలివాళ్ళు. తననెవరైనా ఆపి, ఇప్పుడు నువ్విక్కడెందుకున్నావని అడుగుతారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

సాయంత్రం మల్ఖాజ్ రాగానే, చొక్కా కూడా విప్పకుండా ఎదురుగా కూచున్నాడు. "ఏమంది?"

"సెలవు ఖాయం చేసింది. కాగితాలు జూన్ ఆఖరున పెట్టుకోవచ్చు."

మల్ఖాజ్ గట్టిగా ఊపిరి వదిలాడు. మళ్ళీ మొహం ముడుచుకుంది. "బదులుగా ఏమడిగింది?"

"ఏమీ అడగలేదు."

"ఏమీనా?"

"ఏదైనా అడగమని నేను బతిమాలాను కూడా," అంది ఎతెరి. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అక్కడ పెట్టడానికి తప్ప వాటికి ఇవాళ వేరే పని లేదు. "అడిగి ఉంటే ఎంత బావుండేదో."